తెల్లంచు ఎలుగుబంటి

శ్రీలంక అడవిలో చెట్టుకు కట్టిన కెమెరాలో ఒక తెల్లవారుజామున పడ్డ ఆ నల్లటి ఆకారం ఎలుగుబంటి కాదు. నేను. ఈ రెండు ముక్కలు చెప్పడానికి నాకు దాదాపు పదేళ్ళు పట్టింది. ఆ రోజు గది నిండా మనుషులుండగా, ఒకమ్మాయి నా కళ్ళలోకి చూస్తూ నిలబడి ఉండగా, ఈ మాట చెప్పి ఉంటే అర నిమిషంలో అయిపోయేది. ఓ నవ్వు నవ్వుకుని అందరూ టీ తాగేవాళ్ళు. చెప్పలేదు. అప్పటి మా విద్యార్థులు ఇప్పటికీ ఏడాదికోసారైనా ఆ ఫోటో ఫోన్లలో తిప్పుకుంటూ ఆ అమ్మాయిని ఆటపట్టిస్తున్నారు కాబట్టి, ఆ నవ్వు ఎవరికి చెందాలో వాళ్ళకే అప్పజెప్పాలని ఇది రాస్తున్నాను.

ఆ రోజుల్లో రాష్ట్రం కొత్తది, మా ఆశలు కొత్తవి, నా కాంట్రాక్టు మాత్రం పాతదే. నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. ప్రతి వేసవిలోనూ వచ్చే ఏడు ఉంటానో ఉండనో తెలుసుకోవడానికి ప్రిన్సిపాల్ గారి మొహంలోకి చూడడం, ఆ మొహంలో ఏమీ దొరక్కపోవడం, ఇదీ నా వార్షిక పరీక్ష. వయసు ముప్పై మూడు. నెత్తిన జుట్టు ఉండేది (నమ్మాలి). అలాంటి నన్ను పిలిచి, ఎనిమిది మంది విద్యార్థులతో రెండు వారాలు శ్రీలంక వెళ్ళి, అక్కడి వానాడవిలో జంతువులనూ వాటిని కాపాడే పద్ధతులనూ దగ్గరుండి చూపించి తీసుకురమ్మన్నారు. నేను అప్పటికి ఎనిమిదేళ్ళుగా వానాడవుల గురించి పాఠం చెబుతున్నాను. చూసింది మాత్రం మా మహబూబ్‌నగర్ వైపు గుట్టలు, సీతాఫలం పొదలు, ఆగస్టులో కూడా ఆకాశం వైపు చూసే మనుషులు. పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజున సంతోషం కంటే ముందు నాకు భయమేసింది. ఏదైనా తేడా వస్తే కాంట్రాక్టు గోవింద. అందుకని నేను చేసిన మొదటి పని, విద్యార్థులందరి చేతా సంతకాలు పెట్టించడానికి ఒక హామీపత్రం రాయడం. 'ఎవరూ ఒంటరిగా అడవి దారిలో అడుగు పెట్టరాదు. పెట్టినచో మొదటి విమానంలో ఇంటికి పంపబడుదురు.' ఆ 'పంపబడుదురు' అన్న మాట నాకెంత నచ్చిందంటే, బయటికి రెండుసార్లు చదివి వినిపించాను.

బయలుదేరే ముందు ఊరికి వెళితే బాపు గొంగడి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. దాని సంగతి చెప్పకపోతే ఈ కథకు కాళ్ళుండవు. మా బాపు ఇరవై ఏళ్ళు ఒక పెద్ద రైతు దగ్గర జీతం ఉన్నాడు. జీతమంటే నెల తిరిగేసరికి బ్యాంకులో పడేది కాదు. ఏడాదికి ఇన్ని గింజలు, ఒక జత చెప్పులు, ఒక గొంగడి. ఆఖరి ఏడు వచ్చిన గొంగడి అది. నల్ల గొర్రె ఉన్ని, అంచుకు తెల్ల పోగు వరుసలు, ఒక మూల బాపు చేత్తో వేసిన ఎర్రదారం కుట్టు.

"వాన దేశమంటున్నవు. తీస్కపో కొడుకా. గా ప్లాస్టిక్ కోట్లు నమ్మకు, వాన ఆగుతది గని సలి ఆగది" అన్నాడు.

"బాపూ, ఆడికి పెద్ద పెద్ద సైంటిస్టులొస్తరు."

"వస్తే? ఆళ్ళకు సలి పెట్టదా?"

తీసుకోకపోతే బాధపడతాడని పెట్టె అడుగున, ప్యాంట్ల కింద, ఎవరికీ కనిపించకుండా మడిచి పెట్టుకున్నాను. జీతం గొంగడి కప్పుకున్నవాడి కొడుకునని తెలియడం నాకు అప్పట్లో ఇష్టముండేది కాదు. (ఇది కూడా ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఎలాగూ చెబుతున్నాను కదా, ఇదీ చెప్పేస్తున్నాను.)

ఇక ఆ అమ్మాయి. కేతేపల్లి దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకునేది. వాళ్ళ నాయిన గొర్రెలు కాస్తాడు, అమ్మ ఉన్ని వడుకుతుంది. క్లాసులో మూడో బెంచీలో కూర్చునేది కాబట్టి నేను మూడో బెంచీ అనే అనుకునేవాణ్ణి, ఇక్కడా అలాగే అంటాను. తన నోటుపుస్తకంలో ప్రతి పేజీనీ గీత గీసి రెండు గడులు చేసేది. ఒకదాని మీద 'చూసింది', రెండోదాని మీద 'అనుకున్నది'. ఈ పద్ధతి ఎవరు నేర్పారమ్మా అని ఒకసారి అడిగాను, నా పేరు చెబుతుందేమోనన్న చిన్న ఆశతో.

"మా నాయిన సార్" అంది. "పొద్దుమూకి మందల ఒక గొర్రె తక్కువొస్తే, తోడేలు కొట్కపోయిందని అందరంటరు. నువ్వు తోడేల్ను చూసినవా, గొర్రె లేకపోవుడు చూసినవా అని అడుగుతడు మా నాయిన."

ఎనిమిదేళ్ళుగా నేను శాస్త్రీయ దృక్పథం అనే పాఠాన్ని పదకొండు పేజీల్లో చెబుతున్నాను. ఆయన గొర్రెల దొడ్డి దగ్గర నిలబడి ఒక్క ప్రశ్నలో తేల్చేశాడు.

అడవిలోని ఆ పరిశోధన కేంద్రానికి చేరేసరికి వాన పడుతోంది. మేము ఉన్నన్నాళ్ళూ పడింది, తిరిగి బయలుదేరే దాకా పడింది. రేకుల కప్పు గదులు, ఎర్ర బియ్యం అన్నం, కొబ్బరి లేని కూర లేదు. అక్కడి అధికారిణికి అరవై ఏళ్ళుంటాయి. మేమంతా పెద్ద మేడం అనేవాళ్ళం. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆమె మాకు మొదట చెప్పిన నియమం కూడా అదే, ఒంటరిగా దారిలోకి దిగవద్దని. నేను మా హామీపత్రం తీసి చూపించాను. ఆమె ముచ్చటపడి గోడకు అంటించింది. నా గోతికి నేనే కొలతలిచ్చి వచ్చానని అప్పుడు తెలియలేదు.

నేనూ, మాతో వచ్చిన వృక్షశాస్త్రం సారూ ఒకే గదిలో. గది వెనక మరుగుదొడ్డి. మొదటి రోజు సాయంత్రం తలుపు తీసి చూస్తే, ఎదురు గోడ మీద సాసరంత సాలీడు. ఎనిమిది కాళ్ళూ పరుచుకుని, కాసేపట్లో ఎవరో వస్తారని ముందే తెలిసినట్టు కూర్చుంది. సాలీళ్ళ తరగతి గురించి నేను ఏటా నల్లబల్ల మీద రంగు సుద్దముక్కలతో బొమ్మ గీసి చెబుతాను. కళ్ళు ఎన్ని, కాళ్ళ కీళ్ళు ఎన్ని, అన్నీ నోటికి వచ్చు. ఆ జ్ఞానమంతా ఆ క్షణంలో నా కాళ్ళలోకి దిగి, నన్ను వెనక్కి పరిగెత్తించింది. మర్నాడూ అది అక్కడే ఉంది. మూడో నాడు ఇంకొంచెం కిందికి దిగింది. వృక్షశాస్త్రం సారు వెళుతున్నాడు, ఈల వేసుకుంటూ వస్తున్నాడు. ఆయనకు చెబుదామా అంటే, జంతుశాస్త్రం సారు పురుగుకు భయపడ్డాడన్న కబురు నాకంటే ముందు విమానమెక్కి నల్లగొండ చేరుతుంది.

కాబట్టి చిన్నప్పుడు ఊళ్ళో అందరం చేసిన పనే చేశాను. అందరూ లేవకముందు, మసక వెలుతురులో నీళ్ళ సీసా పట్టుకుని, పెట్టె అడుగు నుంచి గొంగడి తీసి, వానకు నెత్తి మీద కొప్పులా మలిచి, అంచులు రెండూ గుండె మీదికి లాక్కుని, దారి వెంట అరవై అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి ఒక బండ పక్కన కూర్చునేవాణ్ణి. నేను సంతకాలు పెట్టించిన నియమాన్ని నేనే, రోజూ, ఖాళీ కడుపుతో ఉల్లంఘించేవాణ్ణి. జలగలు ఉండేవి. జలగలకు గొంగడి బొచ్చు నచ్చదని నా నమ్మకం (దీనికి శాస్త్రీయ ఆధారం లేదు, నా కాళ్ళ మీది మచ్చలు కూడా వ్యతిరేకంగానే సాక్ష్యం చెబుతాయి). కానీ గొంగడి కప్పుకోగానే మా ఇంటి పొయ్యి వాసన వచ్చేది. పదిహేను రోజుల్లో నాకు భయం వేయని పది నిమిషాలు అవే.

మూడో రోజు మధ్యాహ్నం విద్యార్థులు జట్లుగా వెళ్ళి చెట్లకు కెమెరాలు కట్టి వచ్చారు. ముందు నుంచి ఏది కదిలినా తనంతట తాను ఫోటో తీసుకునే కెమెరాలు. నేను వాళ్ళ వెంట ఉండవలసింది. కొబ్బరి కూర వికటించి పడుకుని ఉన్నాను. మూడో బెంచీ జట్టు తమ కెమెరాను ఎక్కడ కట్టిందో కనీసం అడగలేదు.

ఆరో రోజు ఉదయం ఫలహారాల తర్వాత అందరినీ పెద్ద గదిలో కూర్చోబెట్టి ఫోటోలు గోడ మీద వేసి చూపించారు. ముళ్ళపంది వచ్చింది, చప్పట్లు కొట్టాం. అడవికోడి వచ్చింది. కుందేలంత జింక వచ్చింది. తర్వాత మూడో బెంచీ వాళ్ళ కెమెరా. అద్దం మీద వాన పడి చాలా ఫోటోలు మసకగా పోయాయి. మిగిలినవాటిలో మొదట తడిసిన ఆకులు, తర్వాత ఒక బండ. ఆ బండ నాకు చాలా పరిచయమైన బండ. తర్వాతి ఫోటోలో బండ పక్కన నల్లగా, బొచ్చుగా, గుండ్రంగా, కిందికి వంగి ఒక ఆకారం. ముందు వైపు తెల్లటి గీతలు రెండు, కింద కలుసుకుంటూ. అంత కంగారులోనూ నేను మొదట చూసుకున్నది, గొంగడి అంతా కప్పిందా లేదా అని. కప్పింది. బాపు గొంగడి పెద్దది.

పెద్ద మేడం కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆమె గొంతు గుసగుసలా వచ్చింది. "ఈ అడవిలో ఎలుగుబంట్లు లేవు" అంది. ఆ దేశంలో ఎలుగుబంట్లు ఉండేది వానలు తక్కువ పడే వైపు అడవుల్లోనట. ఈ తడి అడవిలో ఒకటి కనబడితే చాలా పెద్ద సంగతి. "గుండె మీద ఆ తెల్ల గుర్తు చూశారా?" అంటూ వేలితో నా గుండెను చూపించింది, గోడ మీది నా గుండెను. మా పిల్లలు కేకలు వేశారు. వృక్షశాస్త్రం సారు నా వీపు చరిచి, "ఏం సారూ, మన పిల్లలు గుడ్డెలుగును పట్టిన్రు! ఇగ నీ నౌకరి పర్మనెంటే పో!" అన్నాడు.

అప్పుడు మూడో బెంచీ నిలబడింది. అది తన కెమెరా, ఆ ఫోటో గురించి రాయవలసింది తనే. గోడ దాకా నడిచి వెళ్ళి దగ్గరగా చూసింది. వెనక్కి తిరిగి నాతో అంది:

"సార్, గొంగడిని ఇంగ్లీషుల ఏమంటరు?"

నా జీవితంలో ఎన్నో ప్రశ్నలకు జవాబు తెలియక ఇబ్బంది పడ్డాను. తెలిసి ఇబ్బంది పడింది అదొక్కసారే. "ఎందుకమ్మా ఇప్పుడు?" అన్నాను.

"గిది గుడ్డెలుగు కాదు సార్. గొంగడి."

పిల్లలు గొల్లున నవ్వారు. ఒకడు "శ్రీలంకకు గొర్లు తోలుకొచ్చినవానే?" అన్నాడు. ఆ అమ్మాయి ఏమంటోందని పెద్ద మేడం నన్ను అడిగింది. నేను ఇంగ్లీషులో, "బొచ్చు ఉన్నిలాగా ఉందంటోంది" అని చెప్పాను.

"ఉన్ని లెక్క కాదు సార్, ఉన్నే" అంది మూడో బెంచీ. "గా అంచు చూడుండ్రి. తెల్ల పోగు మూడు వరుసలుంది. మా అమ్మ రోజు వడికేటి పోగు నాకు తెల్వదా? గుడ్డెలుగు ఏడనన్న అంచు నేపిచ్చుకుంటదా సార్?"

నేను అనువదించకపోయేసరికి తనకొచ్చిన ఇంగ్లీషులో తనే చెప్పుకుంది. దుప్పటి, నల్లది, మా అమ్మ, చేత్తో. పెద్ద మేడం నవ్వలేదు. ఆమె శాస్త్రవేత్త. నా వైపు తిరిగి, "మీ వాళ్ళలో ఎవరైనా అలాంటి దుప్పటి తెచ్చారా?" అని అడిగింది.

మూడో బెంచీ కూడా నా వైపే చూసింది. ఆ చూపులో నేరం మోపడం లేదు. జవాబు తెలిసిన ప్రశ్న అడిగి, ఆ జవాబు కోసం ఎదురు చూసే టీచరులా చూసింది. అంచుకు అలా వరుసలు వేసేది మా మహబూబ్‌నగర్ వైపే, మా గుంపులో ఆ వైపు నుంచి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. గొంగడి ఉండే ఇల్లు ఎవరిదో, లేనిది ఎవరిదో ఆ పిల్లకు తెలియకపోదు. గోడ మీద హామీపత్రం కనబడుతోంది. 'పంపబడుదురు.' ప్రిన్సిపాల్ గారి మొహం కనబడింది. సాలీడు కనబడింది.

"లేదు మేడం" అన్నాను. "ఎవరూ తేలేదు."

ఆ మాట తర్వాత మిగిలిన రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. నేను ఎలుగుబంటినైన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు, ఆకలి లేదు. ఆ బండ చుట్టూ ఇంకో ఆరు కెమెరాలు కట్టారు. బురదలో నా చెప్పు గుర్తులు దొరుకుతాయేమో, దొరికితే ముందు నాకే దొరకాలని నేనే ముందుండి వెతికించాను (వాన వాటిని కడిగేసింది, ఆ దేశపు వానకు నేనెప్పటికీ కృతజ్ఞుణ్ణి). ఎలుగుబంటి తిరుగుతోందని ఆ దారి మూసేశారు. ఆ దారినే రోజూ వెళ్ళి చెట్టు గీసుకుని బెల్లం పాకానికి నీరా తెచ్చుకునే ఒక ముసలాయన, కుండ చేత పట్టుకుని గేటు దగ్గర రెండు రోజులు నిలబడి తిరిగి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ నా వైపు చూసి చెయ్యి ఊపేవాడు. మా ఊళ్ళో కల్లు గీసే తాత కూడా అచ్చం అలాగే ఊపుతాడు. నేను తల తిప్పుకునేవాణ్ణి. ఇక గొంగడి ఆరలేదు. తడి ఉన్నిని పెట్టెలో మూసిపెడితే ఏమవుతుందో ఉన్ని తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

"సారూ, రూముల ఎవలో గొర్లమంద తోలినట్టు వాసనొస్తాంది" అన్నాడు వృక్షశాస్త్రం సారు ముక్కు మూసుకుని.

"సాక్సులు సార్. వానకు ఆరుతలేవు."

"గట్లయితె అవి నీ కాళ్ళకేసుకునేటియి కావు సారూ, అడవిల వదిలిపెట్టేటియి!"

పారేయడానికి కూడా ఆలోచించాను. ఒక మధ్యాహ్నం దాన్ని సంచిలో కుక్కి కాలువ గట్టు దాకా తీసుకెళ్ళాను. మూల మీద ఎర్రదారం కుట్టు వేలికి తగిలింది. తిరిగి తెచ్చుకున్నాను. ఆ తర్వాత మరుగుదొడ్డికే వెళ్ళాను, సాలీడు చూస్తుండగా, కళ్ళు మూసుకుని. ఆ పని మొదటి రోజే చేసి ఉంటే ఈ కథే లేదు. అది నన్నెప్పుడూ ఏమీ అనలేదు కూడా.

మా తిరుగు ప్రయాణానికి ముందు రోజు పెద్ద మేడం నన్ను తన గదికి పిలిచింది. విద్యార్థుల్లో ఒకరిని మూడు నెలలు అక్కడే ఉంచుకుని పని నేర్పించాలని వాళ్ళ ఆలోచన. ఖర్చులన్నీ వాళ్ళవే. ఆ తర్వాత పరిశోధనకు వెళ్ళాలనుకునేవాళ్ళకు అలాంటి అవకాశం మళ్ళీ దొరకదు. ఆమె ముందు బల్ల మీద ఉన్నది మూడో బెంచీ నోటుపుస్తకం.

"ముప్పై ఏళ్ళలో ఇంత బాగా గమనించే విద్యార్థిని నేను చూడలేదు" అంది. తర్వాత ఒక పేజీ తిప్పింది. ఆ ఫోటో పేజీ. 'చూసింది' కింద ఇంగ్లీషు అక్షరాల్లో 'గొంగడి' అని ఉంది. 'అనుకున్నది' కింద ఖాళీ. "ఇంకోసారి ఆలోచించమన్నాను. వినలేదు. ఎవరిదని అడిగితే చెప్పదు. ఒక్క ఇదే నన్ను ఆపుతోంది. మీరు మూడేళ్ళుగా ఎరుగుదురు. ఈ అమ్మాయి తను ఊహించుకున్నదాన్ని పట్టుకుని వదలని రకమా? నమ్మవచ్చా?"

బయట వాన. నాకు అవకాశం రెండోసారి దొరికింది, అదీ ఒంటరి గదిలో, నవ్వేవాళ్ళు కూడా లేకుండా. నేను ఏమన్నానో అక్షరాలా రాస్తాను, ఎందుకంటే దాన్ని మెత్తబరిచే హక్కు నాకు లేదు. "మంచి పిల్లే మేడం. కొంచెం ఊహ ఎక్కువ."

ఆమె పుస్తకం మూసింది. ఆ అవకాశం ఇంకో పిల్లవాడికి వెళ్ళింది. వాడూ మంచివాడే. తన పుస్తకంలో 'ఎలుగుబంటి' అని రాసినవాడు.

విమానాశ్రయానికి వెళ్ళే వ్యానులో మూడో బెంచీ నా వెనక సీట్లో కూర్చుంది. పిల్లలు అప్పటికే గొంగడి సైంటిస్టు అని పేరు పెట్టి పాడుతున్నారు. ఆ గోలలో ముందుకు వంగి, నాకు మాత్రమే వినిపించేలా అంది:

"రెండో గడి ఖాళీగనే పెట్టిన సార్. లోపలున్న మనిషిని నేను చూడలే గద. అనుకున్నది రాస్తే ఒకల నౌకరికి ఎసరొస్తది."

నేను వెనక్కి తిరగలేదు. నా ఒళ్ళో పెట్టె ఉంది. పెట్టెలోంచి వాసన వస్తూనే ఉంది.

ఇంటికొచ్చాక బాపు గొంగడిని ఎండలో దులిపితే మడతలోంచి ఒక తెలియని ఆకు రాలింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పనికొచ్చిందా కొడుకా?" అని అడిగాడు. "మస్తు పనికొచ్చింది బాపూ" అన్నాను. ఆయన ఆ ఆకును చాన్నాళ్ళు గోడ గూట్లో పెట్టుకుని వచ్చినవాళ్ళకు చూపించాడు. నా గొంగడి విమానమెక్కొచ్చింది అని చెప్పుకునేవాడు. పెద్ద మేడం నుంచి కొన్ని నెలలకు ఉత్తరం వచ్చింది. మిగతా కెమెరాల్లో ఏమీ పడలేదనీ, ఒక్క ఫోటోతో ఏదీ తేల్చలేమనీ. ఎలుగుబంటి అలా తనంతట తాను అడవిలోంచి వెళ్ళిపోయింది. పేరు మాత్రం ఆ అమ్మాయికి అంటుకుని ఉండిపోయింది.

తర్వాత నా ఉద్యోగం స్థిరపడింది. ఇక భయపడడానికి కారణమేమీ లేదు. అయినా నోరు పెగల్లేదు. అప్పుడు అర్థమైంది, నన్ను ఆపింది కాంట్రాక్టు ఒక్కటే కాదని. గొంగడి నాదని చెబితే బాపు జీతం కూడా చెప్పాలి, సాలీడు సంగతీ చెప్పాలి. నా చిన్నాచితకా సిగ్గుల కోసం ఆ పిల్లకు దక్కవలసిన మూడు నెలలు తీసుకుని వాడుకున్నాను.

పోయిన ఏడాది పాత విద్యార్థుల వాట్సాప్ గుంపులో ఎవరో మళ్ళీ ఆ ఫోటో పెట్టారు. కింద నవ్వే బొమ్మలు వరసగా పడుతున్నాయి. 'మన గొంగడి సైంటిస్టు ఏడున్నదో' అని ఒకడు రాశాడు. కాసేపటికి మూడో బెంచీ గుంపు నుంచి వెళ్ళిపోయినట్టు ఒక చిన్న వాక్యం వచ్చింది. ఆ సాయంత్రం కూర్చుని పెద్ద మేడం గారికి మొత్తం రాసి, ఎండలో పరిచిన గొంగడి ఫోటో జతచేసి పంపాను. ఆమె ఉద్యోగ విరమణ చేసి చాలా కాలమైందట. జవాబు రెండు వాక్యాలు. 'అంచు వరుసలు లెక్కపెట్టాను, మూడే ఉన్నాయి. ఆ అమ్మాయికి చెప్పారా?'

మూడో బెంచీ ఇప్పుడు హాలియా దగ్గర ఒక బడిలో పిల్లలకు జీవశాస్త్రం చెబుతోంది. ఫోన్ చేసి, "అమ్మా, నేను సార్‌ను. ఒకసారి వచ్చి నీతో మాట్లాడాలి" అన్నాను.

"రాండ్రి సార్" అంది. "వచ్చేటప్పుడు గొంగడి తెండ్రి."

వెళ్ళాను. కాలువ నీళ్ళొచ్చి చుట్టూ వరి పచ్చగా ఉంది. బడి ఆవరణలో తొమ్మిదో తరగతి పిల్లలు నేల మీద వరసగా కూర్చున్నారు. ఒళ్ళో నోటుపుస్తకాలు, ప్రతి పేజీకీ మధ్యలో గీత. మూడో బెంచీ కళ్ళజోడు పెట్టుకుంది. నా చేతిలోని సంచిలోకి తొంగి చూసి, అంచును రెండు వేళ్ళతో పట్టుకుని తడిమి, "మా దిక్కు నేత కాదు, మీ దిక్కుదే" అంది. నేను దారి పొడవునా తయారు చేసుకున్న మాటలు మొదలుపెట్టబోయాను.

"ముంగట పిల్లలకు చూపిద్దాం సార్" అని ఆపింది. "ఎట్ల కూసున్నరో గట్లనే కూసోండ్రి."

నలభై ఏళ్ళు దాటినవాడిని, శాశ్వత ఉద్యోగిని, హాలియా ఎండలో గొంగడి నెత్తిన కొప్పులా మలుచుకుని, అంచులు గుండె మీదికి లాక్కుని, నలభై మంది పిల్లల ముందు గొంతుక్కూర్చున్నాను. ఆమె ఫోన్‌తో ఫోటో తీసి, పాత ఫోటో పక్కన పెట్టి, వరసల్లో తిప్పి చూపించింది. "ఏం కనబడ్తాందిరా? అనుకున్నది కాదు, చూసింది చెప్పుండ్రి."

"గొంగడి టీచర్!" అని అరిచారు.

"లోపట?"

"సారు!"

"ఇగ రెండో గడి రాసుకోండ్రి" అందామె. పెన్నులు గరగరలాడాయి. ఆమె నా దగ్గరికి వచ్చి, పిల్లలకు వినపడకుండా నెమ్మదిగా అంది: "మూడు నెలలు తక్కువేం కాదు సార్. మస్తు ఏడ్చిన. మా అమ్మకు గూడ చెప్పలే."

నేను లేవబోయాను. మోకాళ్ళు లేవనివ్వలేదు. ఎలుగుబంటిగా ఉన్న రోజుల్లో చటుక్కున లేచేవాణ్ణి. గొంగడిలోంచి తల ఎత్తి, ఆమె ముందు, ఆ పిల్లలందరి ముందు, మా బాపు కొడుకు మాట్లాడవలసిన భాషలోనే చెప్పాను:

"నువ్వు చూసింది నిజం బిడ్డా. నేను చెప్పింది అబద్ధం. ఊహ ఎక్కువని నీ మీద చెప్పింది గూడ నేనే. తప్పైంది. నన్ను మాఫ్ చెయ్యి."

ఆమె వంగి, లేవడానికి నాకు చెయ్యి మాత్రం ఇచ్చింది.